డాక్టరు గారి మాటకి ఎన్ని మార్కులు? ఓపీ సేవ మీద ఒక సమీక్ష

ఆస్పత్రి మీద సమీక్ష అంటే బండి పెట్టుకోవడానికి చోటుందా, ఎంతసేపు కూర్చోబెట్టారు, బిల్లెంతయింది, నర్సులు విసుక్కున్నారా అనే రాస్తుంటారు. ఓపీ చీటీకి కట్టిన డబ్బుతో మనం అసలు కొనుక్కునేది మాత్రం డాక్టరు గారి మాట. జిల్లా కేంద్రంలో 300 అయినా, హైదరాబాదు కార్పొరేట్ ఆస్పత్రిలో వెయ్యి అయినా, సర్కారు దవాఖానాలో ఉచితమైనా అంతే. పరీక్షలకి వేరే బిల్లు, మందులకి వేరే బిల్లు. ఓపీ ఫీజుకి వచ్చేది ఒక చీటీ, నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు ఎలా ఉంటున్నాయన్నదే ఈ సమీక్ష. ఇది ఏ ఒక్క ఆస్పత్రి గురించో కాదు. రెండు తెలుగు రాష్ట్రాల ఓపీ గదుల్లో రోజూ వినపడే మాటల గురించి.

కొలబద్ద ఒక్కటే. గదిలోంచి బయటికొచ్చిన మనిషి ఇంటికెళ్ళి మూడు సంగతులు తన సొంత మాటల్లో చెప్పగలగాలి. నాకొచ్చింది ఏంటి? నేను చేయాల్సింది ఏంటి? ఏ గుర్తు కనపడితే అర్ధరాత్రయినా బయల్దేరి రావాలి? డాక్టరు గారు ఎంత నవ్వుతూ మాట్లాడినా, మూడోది తెలియకుండా పంపేశారంటే సేవ సగమే అందినట్టు.

తీర్పు ముందే చెప్పేస్తాం. రోగం పట్టుకోవడానికి అడిగే ప్రశ్నలు చాలాచోట్ల ఫరవాలేదు. రోగం పేరు చెప్పే తీరు ఒకచోట బాగుంటే మరోచోట ఘోరం. మందులు ఎలా వాడాలో చెప్పడం దగ్గర చాలా తక్కువ మార్కులు పడతాయి. ప్రాణాల మీదికి వచ్చేది కూడా అక్కడే.

మొదటి నిమిషం

1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు ఓపీ సంభాషణలు రికార్డు చేసి విన్నారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు సగటున 18 సెకన్లకే అడ్డుతగిలారు. మన దగ్గర డాక్టరు రోగిని చూసే మొత్తం సమయమే చాలా తక్కువ. 2017లో 67 దేశాల లెక్కలు కూర్చిన ఒక అధ్యయనంలో స్వీడన్‌లో ఒక్కో రోగికి 22 నిమిషాలకు పైగా, మన దేశంలో రెండు నిమిషాల పైచిలుకు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు అని తేలింది. రెండే నిమిషాలున్నప్పుడు మొదటి అర నిమిషం రోగికి వదిలేయడం వృథా అనిపించవచ్చు. కాదు. అలా వదిలేస్తే చాలామంది అర నిమిషం, ముప్పావు నిమిషంలో తామే ఆపేస్తారు. వదలకపోతే అసలు సంగతి తలుపు దగ్గర, వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చెబుతారు: "అన్నట్టు డాక్టరు గారూ, నెల్లాళ్ళుగా మలంలో రక్తం పడుతోందండీ." అప్పటికి తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేసి ఉంటాడు.

ఆ చివరి సంగతిని ముందే రాబట్టే ప్రశ్న ఒకటుంది. ఇంగ్లీషులో మాట్లాడే ఓపీల్లో 2007లో దీన్ని పరీక్షించారు. "ఇంకేమైనా ఉందా" అనే అర్థంలో రెండు రకాలుగా అడగొచ్చు. వాటిలో ఒకటి "లేదు" అనే జవాబు వైపు తోస్తుంది, రెండోది "ఉంది" అనే జవాబు వైపు. తేడా ఒక్క మాటే: మొదటిదాంట్లో "ఎనీథింగ్", రెండోదాంట్లో "సమ్‌థింగ్". ఆ రెండో రకంగా అడిగినప్పుడు చెప్పకుండా మిగిలిపోయిన బాధలు నూటికి 78 వంతులు తగ్గాయి. తెలుగులో ఈ తేడా ఇంకా గట్టిగా వినపడుతుంది. "ఇంకేం లేదుగా?" అంటే "లేదండీ" అనడం తప్ప పెద్దవాళ్ళకి దారి లేదు. "ఇంకో ఇబ్బంది కూడా ఉంటే చెప్పండమ్మా, వింటున్నాను" అంటే బయటికొస్తుంది. ఈ మాటకి నాలుగు సెకన్లు పడుతుంది.

పిలుపు కూడా సేవలో భాగమే. ఇంగ్లీషులో లేని చిక్కు తెలుగులో ఉంది: నువ్వా, మీరా? ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినాయన్ని "కూర్చోండి సార్" అని, లుంగీ కట్టుకొచ్చినాయన్ని "ఏంటి నీ ప్రాబ్లం" అని అడిగే గదులు ఇప్పటికీ చాలా ఉన్నాయి. తన తండ్రి వయసున్న మనిషిని పాతికేళ్ళ హౌస్ సర్జన్ "నువ్వు" అన్నాక, ఆ మనిషి తను తాగే సారా సంగతి, మాత్రలు మానేసిన సంగతి నిజంగా చెబుతాడని ఆశించకూడదు. "పెద్దాయనా", "అమ్మా", "బాబాయ్" ఏదైనా సరే, దాని వెనక "మీరు" ఉండాలి. ఇక్కడ మేం మార్కులు కోస్తాం.

మన మాట ఒకటి, వాళ్ళకి అర్థమయ్యేది ఒకటి

"కళ్ళు తిరుగుతున్నాయి" అన్న మాట తీసుకుందాం. తెలుగులో ఈ ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు బాధలున్నాయి. గది మొత్తం గిర్రున తిరిగినట్టు ఉండటం చాలాసార్లు చెవి లోపలి భాగం నుంచి వస్తుంది. లేచి నిలబడగానే కళ్ళకి చీకట్లు కమ్మి పడిపోబోవడం రక్తపోటు తగ్గడం వల్లో, రక్తహీనత వల్లో, గుండె లయ తప్పడం వల్లో కావచ్చు. తూలిపోవడం, అడుగు నిలవకపోవడం నరాలకో మెదడుకో సంబంధించింది కావచ్చు. విన్న వెంటనే కళ్ళు తిరగడానికి మాత్ర రాసిచ్చే డాక్టరుకి, ఒక్క ప్రశ్న వేసే డాక్టరుకి మధ్య తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆ ప్రశ్న ఇది: "ఇల్లు తిరిగినట్టు ఉందా, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా, నడుస్తుంటే తూలుతున్నారా?" మూడూ మన మాటలే. రోగి క్షణంలో ఒకటి ఎంచుకుంటాడు. మంచం మీద పక్కకి దొర్లినప్పుడు వస్తుందా, లేచి నిలబడినప్పుడు వస్తుందా అని కూడా అడిగితే సగం రోగనిర్ధారణ పరీక్షల ఖర్చు లేకుండానే అయిపోతుంది.

"గుండెల్లో మంట" అంటే రోగి దృష్టిలో పుల్లటి తేన్పు, డాక్టరు దృష్టిలో గుండె. "గ్యాస్" దీనికి తిరగబడిన కథ. గుండెపోటు వస్తున్న మనిషి కూడా "గ్యాస్ పట్టేసిందండీ" అనే వస్తాడు, ఎందుకంటే ఇంట్లో అందరూ అదే పేరు పెట్టారు. ఆ పేరుని అలాగే కాగితం మీద ఎక్కించడం ఓపీలో జరిగే అతి ఖరీదైన పొరపాటు. బాగా అడిగేవాళ్ళు పేరుని పక్కన పెట్టి చేతిని చూస్తారు. "ఎక్కడుందో చేత్తో చూపించండి" అంటే ఒక వేలితో ఒక చోట చూపించడం వేరు, అరచేయి ఛాతీ మీద పరిచి గుప్పిట బిగించడం వేరు. మెట్లెక్కితే పెరుగుతోందా, తిన్నాక పెరుగుతోందా? చెమట పట్టిందా? దవడకో, చేతికో పాకిందా? షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉండొచ్చు కాబట్టి వాళ్ళు "గ్యాస్" అంటే ఈసీజీ తీయించే డాక్టరుకి పూర్తి మార్కులు.

ప్రాంతం మారితే మాట మారుతుంది. ఒకచోట "ఆయాసం", ఇంకోచోట "దమ్ము", మరోచోట "ఎగపోత". "మోషన్ అయిందా" అంటే విరేచనం అయిందా అని, "మోషన్స్ అవుతున్నాయా" అంటే నీళ్ళ విరేచనాలా అని. ఒక్క చివరి అక్షరంతో మలబద్ధకం అతిసారమైపోతుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన డాక్టర్లు ఇక్కడ బోల్తా పడుతుంటారు. పక్కనున్న నర్సమ్మ సరిదిద్దే ఓపీలు అదృష్టవంతమైనవి.

రోగం పేరు చెప్పేటప్పుడు

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేదీ, అన్నిటికన్నా ఎక్కువ చెడు చేసేదీ "ఏమీ లేదు". డాక్టరు ఉద్దేశం ప్రమాదకరమైనది ఏమీ లేదని. రోగికి వినపడేది నీ నొప్పి అబద్ధమని. ఆ మనిషి మళ్ళీ ఇంకో ఆస్పత్రికి, మళ్ళీ అవే స్కానింగులకి వెళతాడు. ఇదే సంగతి సరిగ్గా చెప్పాలంటే మూడు వాక్యాలు చాలు: "గుండెకి సంబంధించిన ఇబ్బంది ఈ పరీక్షల్లో కనపడలేదు. నొప్పి మాత్రం నిజమే, ఇది పక్కటెముకల దగ్గర కండరం నుంచి వస్తోంది. రెండు వారాల్లో తగ్గకపోయినా, నడిస్తే ఆయాసం వచ్చినా మళ్ళీ రండి."

"షుగర్ బోర్డర్‌లో ఉంది" కూడా ఈ కోవలోదే. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అది షుగర్ రాబోయే దశ. 126కి చేరినా, 6.5కి చేరినా షుగర్ వచ్చినట్టే, మళ్ళీ ఒకసారి పరీక్ష చేసి ఖాయం చేస్తారు. రోగి బాధపడతాడని 140 వచ్చినవాళ్ళకి కూడా "బోర్డరే" అనడం దయ కాదు. బోర్డరంటే గీత దాటలేదనే అర్థం వస్తుంది. దాటలేదంటే స్వీటు మానక్కర్లేదు, మాత్ర అక్కర్లేదు అనుకుంటారు.

గుండె "పంపింగ్" మాటకి కొంచెం ఆగాలి. గుండెకి చేసే ఎకో స్కాన్ తీశాక "పంపింగ్ 40 శాతం ఉంది" అంటారు. వినే ఇంటిల్లిపాదికీ పూర్తి మార్కులు వంద అనే లెక్క ఉంటుంది కాబట్టి గుండె అరవై శాతం చచ్చిపోయిందని ఏడుపు మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో 55 నుంచి 70 శాతమే బయటికి తోస్తుంది. "మామూలుగా అరవై ఉండాలి, మీకు నలభై ఉంది, మందులతో కొంత పెరగొచ్చు" అంటే అదే అంకె అర్థవంతమవుతుంది. అంకె చెప్పేటప్పుడు దాని పక్కన మామూలు అంకె చెప్పని డాక్టరు సగం సమాచారమే ఇచ్చినట్టు.

కిడ్నీల దగ్గర తప్పు రెండో వైపు జరుగుతుంది. శ్రీకాకుళం ఉద్దానం ఊళ్ళలో క్రియాటినిన్ (కిడ్నీల పనితనం చూపే రక్తపరీక్ష అంకె) అనే మాట వైద్యుల మాట కాదు, వాడుక మాట. అయినా ఆ అంకె ఎలా కదులుతుందో చెప్పేవాళ్ళు తక్కువ. ఒకటి ఉన్నది రెండైతే "ఒక్క పాయింటే కదా పెరిగింది" అనిపిస్తుంది. ఆ మొదటి రెట్టింపులోనే కిడ్నీల పనితనం దాదాపు సగం పోతుంది. "క్రియాటినిన్ కొంచెం పెరిగింది" అన్న మాటలోని "కొంచెం" వల్ల ఎంతోమంది నొప్పి బిళ్ళలు మానకుండా మింగుతూనే ఉంటారు.

"రక్తం పలచబడే మాత్ర" ఇంకోటి. స్టెంటు వేశాక ఇచ్చే మాత్రలకి వాడే మాట ఇది. పలచన అంటే మన వాళ్ళకి నీళ్ళపాలు, బలం పోయిన రక్తం. నీరసంగా ఉందంటే మొదట ఆపేసేది ఈ మాత్రనే. ఆపితే స్టెంటు మూసుకుపోయి మళ్ళీ గుండెపోటు రావచ్చు. "స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా కాపలా కాసే మాత్ర. ఒక్క రోజు కూడా మానొద్దు. పన్ను పీకించుకోవాలన్నా ముందు మాకు చెప్పాలి" అంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. "బయాప్సీ నెగెటివ్ వచ్చింది" అని ఊరుకోవడం కూడా ఇంతే. నెగెటివ్ అంటే చెడ్డ వార్తేమోనని గుండె జారిపోయే వాళ్ళుంటారు. "క్యాన్సర్ కణాలు కనపడలేదు" అనడానికి అదనంగా పట్టేది ఒక్క సెకను.

భయాన్ని వాడుకునే మాటలు

ఈ భాగానికి మేమిచ్చేది సున్నా. గర్భసంచి ముఖద్వారం మీద కాస్త ఎర్రగా కనపడితే "పుండు ఉంది, తీయించకపోతే క్యాన్సర్ అవుతుంది" అని చెప్పి ముప్పై, ముప్పై అయిదేళ్ళ ఆడవాళ్ళకి గర్భసంచి తీసేయడం మన రాష్ట్రాల్లో పాత గాయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. ఇందులో అవసరమైన ఆపరేషన్లూ ఉన్నాయి. కానీ "పుండు" అనే మాట పక్కన "క్యాన్సర్" అనే మాట పెట్టాక ఏ ఇంట్లోనూ ఇంకో ప్రశ్న పుట్టదు. చెప్పాల్సిన మాట వేరే ఉంది: "ముఖద్వారం ఎర్రగా ఉంది, ఇది చాలామందికి ఉంటుంది. పాప్ స్మియర్ అనే పరీక్ష చేసి చూద్దాం, అది బాగుంటే మందులతో సరిపోతుంది."

"పేగు మెడకు చుట్టుకుంది" కూడా అలాంటిదే. బొడ్డుతాడు బిడ్డ మెడ చుట్టూ ఉండటం దాదాపు ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో కనపడుతుంది. వాటిలో ఎక్కువ భాగం మామూలు కాన్పులే అవుతాయి. నొప్పులప్పుడు బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందా లేదా అన్నదే చూడాల్సింది. స్కానింగులో చుట్టు కనపడిందన్న ఒక్క మాటకే "ఆపరేషన్ చేసేయండి" అని కుటుంబమే అడిగే పరిస్థితి వచ్చింది. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60 పైన, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లే. ముహూర్తాల పట్టింపు, ఆస్పత్రి లెక్కలు, నొప్పుల భయం అన్నీ దీని వెనక ఉన్నాయి. మాట కూడా ఉంది.

భయపెట్టే అంకెలకి పేరుబడ్డ ఉదాహరణ 1995 నాటి బ్రిటన్‌ది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం "రెట్టింపు" అని హెచ్చరిక వెలువడింది. ఆ రెట్టింపు వెనకున్న అసలు లెక్క 7,000 మందిలో ఒకరికి బదులు ఇద్దరికి. భయంతో మాత్రలు మానేసినవాళ్ళు ఎందరో. తర్వాత ఏడాదిలో అక్కడ అబార్షన్లు వేల సంఖ్యలో పెరిగాయి. కాబట్టి ఆపరేషన్ గురించి "రిస్కు యాభై శాతం తగ్గుతుంది" అని ఎవరైనా అంటే "వందమందికి చేయకపోతే ఎందరికి వస్తుంది, చేస్తే ఎందరికి వస్తుంది?" అని అడగండి. ఈ ప్రశ్నకి విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దొరికితే వదులుకోకండి.

సంతకం సంగతి కూడా ఇక్కడే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి చెల్లదు, మేజరైన రోగి మత్తులో ఉండగా, ప్రాణాపాయం లేనప్పుడు, బయటున్న తల్లి చేత సంతకం పెట్టించి అవయవం తీసేయడం సరైన అనుమతి కాదు. మన దగ్గర అనుమతి పత్రం చాలాచోట్ల ఇంగ్లీషులో అచ్చయి ఉంటుంది, స్ట్రెచర్ పక్కన నిలబడ్డ కొడుకు చేతికిస్తారు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం" అన్నదే అక్కడ చెప్పే మాట.

మందుల చీటీ

ఇక అసలైన చోటు. చీటీ మీద 1-0-1 అని ఉంటుంది: పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. దాని పక్కన "భోజనానికి ముందు". తెలుగింట్లో పొద్దున తినేది టిఫిన్. భోజనమంటే అన్నం. ఇడ్లీ తిని, మధ్యాహ్నం అన్నానికి ముందు ఆ పొద్దుటి మాత్ర వేసుకునేవాళ్ళు ఎంతోమంది. షుగర్ మాత్రయితే లెక్క మొత్తం తప్పుతుంది. "పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు, రాత్రి అన్నానికి అరగంట ముందు" అని రాయాలి, చెప్పాలి. థైరాయిడ్ మాత్రకి "పరగడుపున" అంటే సరిపోదు. కాఫీ తాగి, ఏమీ తినలేదు కాబట్టి పరగడుపే అనుకుంటారు. "లేవగానే మంచినీళ్ళతో. తర్వాత అరగంట, వీలైతే గంట దాకా కాఫీ, టీ కూడా వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటల తర్వాతే" అంటే పూర్తయినట్టు.

వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మిథోట్రెక్సేట్ దగ్గర ఈ నిర్లక్ష్యం ప్రాణం తీస్తుంది. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి ఇచ్చే ఈ మాత్రని రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాలు పడిపోతాయి. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునేవే కాబట్టి ఇదీ అందులో కలిసిపోతుంది. "వారానికొకసారి" అన్నది చాలదు, వారం పేరు చెప్పాలి: "ఆదివారం మాత్రమే. మిగతా రోజుల్లో ఈ డబ్బా ముట్టుకోవద్దు." చీటీ మీద ఆదివారం అని తెలుగులో రాసి చుట్టూ గీత గీసే డాక్టరుకి అయిదుకి అయిదు.

ఉబ్బసానికి పీల్చుకునే గొట్టంతో వచ్చే గుళికల్ని నీళ్ళతో మింగేస్తారు, ఎందుకంటే చూడటానికి అచ్చం మింగే గుళికల్లాగే ఉంటాయి. చంటిపిల్లల జ్వరం మందులో చుక్కల సీసా ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్ 5 ఎంఎల్‌కి 125 లేదా 250 ఉంటుంది. "పారాసిటమాల్ 5 ఎంఎల్ పోయండి" అన్న మాట చుక్కల సీసాకి వర్తించిందంటే మందు రెండు నుంచి నాలుగు రెట్లవుతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్ళలో కలపాలి. "ఓఆర్ఎస్ తాగించండి" అని వదిలేస్తే గ్లాసుకి ఇంత చల్లి ఇస్తారు, లేదా ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో పోస్తారు. రెండోది పసివాడికి ఉప్పెక్కి హాని చేస్తుంది. ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూత సిరంజి 100 యూనిట్లవాటికి. "20 యూనిట్లు వేసుకోండి" అన్న మాట ఏ రంగు మూతతో అని చెప్పకపోతే డోసు సగం కన్నా తగ్గిపోనూ వచ్చు, రెండున్నర రెట్లవనూ వచ్చు.

మందుతో ఒంట్లో వచ్చే మార్పుల్ని ముందే చెబితే రోగి మానకుండా వాడతాడు, చెప్పకపోతే భయపడి మానేస్తాడు. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగుకి మారుస్తుంది. మూడో రోజు అది చూసి రక్తం పడుతోందని మందు మానేస్తే ఆరు నెలల చికిత్స మొదట్లోనే ఆగుతుంది. ఐరన్ మాత్రలతో మలం నల్లగా వస్తుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మొదటి రెండు వారాలు కడుపులో గడబిడ చేస్తుంది. కొన్ని బీపీ మాత్రలతో పొడి దగ్గు, కొన్నిటితో కాళ్ళ వాపు వస్తాయి. ఒక్కో మందుకి ఒక్క వాక్యం చాలు.

ఈ పని చాలా ఆస్పత్రుల్లో మందుల షాపు కౌంటరు దగ్గరికి జారిపోయింది. అక్కడి కుర్రాడు కత్తెరతో పట్టీని నాలుగు మాత్రలకి కత్తిరిస్తాడు. మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క డబ్బాలో ఉండిపోతుంది. రోగి చేతికొచ్చేది పేరులేని వెండి రంగు ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో నిలువు గీతలు. వెనక పదిమంది నిలబడి ఉండగా "పొద్దున, రాత్రి" అన్న రెండు మాటలతో చెప్పడం అయిపోతుంది. 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన సవరించి, మందు జనరిక్ పేరు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలంది. అక్షరాలు కొంత బాగుపడ్డాయి. తెలుగులో వాడే విధానం రాసిచ్చే ఆస్పత్రులు ఇంకా వేళ్ళ మీదే.

విన్నది అర్థమైందా అని తెలుసుకోవడానికి "అర్థమైందా?" అని అడగడం పనికిరాదు. తల ఊపుతారు. "ఇంటికెళ్ళాక మీ ఆవిడ అడుగుతుంది, ఏ మాత్ర ఎప్పుడని. ఆవిడకి ఎలా చెబుతారో నాకోసారి చెప్పండి" అనాలి. తప్పు చెబితే అప్పుడే తెలిసిపోతుంది. ఈ ఒక్క అలవాటున్న డాక్టరు కోసం ఇంకో వంద ఎక్కువ కట్టినా నష్టం లేదు.

సూది, చావు కబురు

సూది వేసేముందు "చీమ కుట్టినట్టు ఉంటుంది" అనడం మనకి అలవాటు. 2010లో అమెరికాలో 140 మంది గర్భిణుల మీద చేసిన ప్రయోగంలో, వెన్నుకి మత్తు సూది వేసేముందు కొందరికి తేనెటీగ కుట్టినట్టు ఉంటుందని, కొందరికి ఆ చోటు మొద్దుబారుతుంది, హాయిగా ఉంటారని చెప్పారు. సూది అదే. మొదటివాళ్ళు నొప్పికి పదికి 5 వేశారు, రెండోవాళ్ళు 3.

చెడ్డ వార్త చెప్పడానికి డాక్టర్లకి ఒక పద్ధతి ఉంది. 2000లో అమెరికా, కెనడా క్యాన్సర్ వైద్యులు రాసిన ఆరు మెట్ల పద్ధతి, స్పైక్స్ అంటారు. తలుపు వేసిన గది చూసుకోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నాడో అడగడం, చిన్న వాక్యాల్లో చెప్పడం, వచ్చే ఏడుపుకి చోటివ్వడం, తర్వాతి అడుగు చెప్పడం. మన దగ్గర మూడో మెట్టు దగ్గరే తగాదా. "నాన్నకి చెప్పొద్దు డాక్టరు గారూ" అని కొడుకు ముందే వచ్చి దణ్ణం పెడతాడు. నాన్న కీమో కుర్చీలో కూర్చుని, పక్కవాళ్ళ జుట్టు రాలడం చూసి అంతా గ్రహించే ఉంటాడు. ఇక్కడ మంచి డాక్టర్లు వాడే మాట మాకు నచ్చింది: "నేనుగా ఏమీ చెప్పను. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. మీరు పక్కనే ఉండండి."

ఐసీయూ బయట వినపడే మాటలకి మార్కులు తక్కువ. "సీరియస్‌గానే ఉంది", "ఫిఫ్టీ ఫిఫ్టీ", "24 గంటలు గడిస్తేగానీ చెప్పలేం". నాలుగు రోజులు వరుసగా ఇవే విన్న కుటుంబం పొలం తాకట్టు పెడుతుంది, ఎందుకంటే "ఫిఫ్టీ" అంటే సగం ఆశ. డాక్టరు మనసులో పదికి ఒక పాలు కూడా ఉండకపోవచ్చు. "ఆయన బతకకపోవచ్చని నాకు భయంగా ఉంది. నిన్నటికన్నా ఇవాళ తగ్గారు. మందులు పనిచేస్తే రేపటికి బీపీ పడిపోకుండా ఇచ్చే మందు డోసు తగ్గాలి, అది తగ్గిందా లేదా అని రేపు పది గంటలకి నేనే చెబుతాను." ఇందులో చావు అన్న సంగతి దాచలేదు, చూడాల్సిన గుర్తు చెప్పారు, వచ్చే సమయం చెప్పారు. ఇంటివాళ్ళు తాము ఏం నిర్ణయించుకోవాలో అప్పుడు ఆలోచించగలరు.

ఎక్కడ ఎలా

చోటుని బట్టి అయిదుకి మార్కులిలా. పాత పేషెంట్ల ఇంటి సంగతులు తెలిసిన ఒంటి డాక్టరు క్లినిక్: మాటకి నాలుగు, చీటీ రాతకి రెండు. కార్పొరేట్ ఆస్పత్రి: అచ్చువేసిన చీటీకి నాలుగు, ఆపరేషన్ గురించిన మాటకి రెండున్నర. సర్కారు దవాఖానా: పిలుపుకి ఒకటిన్నర, కానీ క్షయ, కాన్పు విభాగాల్లో ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ ఇంటికొచ్చి చెప్పే మాటకి నాలుగు. వాళ్ళు మన మాటల్లోనే మాట్లాడతారు. ఫోనులో, వీడియోలో డాక్టరుతో మాట్లాడటం రిపోర్టులు చూపించుకోవడానికీ పాత మందు కొనసాగించడానికీ సరిపోతుంది. కొత్త నొప్పికి వద్దు. 2019లో చేరిన బ్యాచి నుంచి ఎంబీబీఎస్‌లో రోగితో మాట్లాడటం కూడా పాఠ్యాంశమైంది, వాళ్ళు ఇప్పుడిప్పుడే ఓపీల్లోకి వస్తున్నారు.

మీరు వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల పట్టీలన్నీ, పేరున్న ముక్కలతో సహా, ఒక కవర్లో వేసుకెళ్ళండి. చెప్పాల్సిన బాధలు మూడుంటే కూర్చోగానే "మూడున్నాయండీ" అనండి. లేచేముందు "ఏ గుర్తు కనపడితే వెంటనే రావాలి?" అని అడిగి, ఆ జవాబుని చీటీ వెనక తెలుగులో మీ చేత్తో రాసుకోండి. చాలాచోట్ల వారం రోజుల్లోపు రివ్యూకి మళ్ళీ ఫీజు ఉండదు. అర్థం కానిది అప్పుడైనా అడగొచ్చు. ఎన్ని రోజులో చీటీ తీసుకునే కౌంటరు దగ్గరే కనుక్కోండి.